మా మరిది నామినీ అట, అందుకని డబ్బంతా ఆయనదేనట!

ఈ ఉత్తరం శ్రీకాకుళం జిల్లా నుంచి, ఆమదాలవలస దగ్గర్లోని ఒక పల్లె నుంచి వచ్చింది. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. చాలా పెద్ద ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

ఆవిడకి 34 ఏళ్లు. భర్త పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పోయిన కార్తీక మాసంలో నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి, గుండెల్లో నొప్పిగా ఉందని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఏడేళ్ల పాప ఉంది. మామగారు ఎప్పుడో పోయారు, అత్తగారు వీళ్లతోనే ఉంటారు. వీలునామా లేదు, ఆ వయసు మనిషి వీలునామా రాస్తాడా అని ఆవిడే అన్నారు. పెద్దకర్మ అయ్యాక బీరువాలో కాగితాలు తీసి చూస్తే, 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి నామినీగా మరిది పేరు ఉంది. పెళ్లికి ముందు తెరిచి రెన్యువల్ చేసుకుంటూ వచ్చిన డిపాజిట్ అది. 5 లక్షల బీమా పాలసీకి నామినీ అత్తగారు. 2013లో ఉద్యోగంలో చేరినప్పుడు పీఎఫ్‌కి ఇచ్చిన ఫారంలో మళ్లీ మరిదే. పెళ్లి 2016లో జరిగింది, ఆ తర్వాత ఏ కాగితంలోనూ ఎవరూ ఏదీ మార్చలేదు.

మరిది మాట ఒక్కటే. "అన్నయ్య నా పేరు రాశాడంటే నాకివ్వాలనే కదా వదినా, నామినీ అంటేనే వారసుడు." కర్మలకి అయిన 90 వేలూ ఆయనే పెట్టుకున్నాడు. ఇప్పుడు ఒక స్టాంపు కాగితం తెచ్చి, ఆవిడకీ పాపకీ ఏ అభ్యంతరమూ లేదని సంతకం పెట్టమంటున్నాడు. పెడితే పాప చదువుకి ఏటా కొంత ఇస్తానంటున్నాడు. ఊళ్లో పెద్దలు "నామినీ ఉన్నాక ఇంకెవరు అడగ్గలరు" అన్నారు. సచివాలయంలో ఎవరో "ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకో, అంతా నీకే వస్తుంది" అన్నారు. పక్కింటావిడ అయితే "మళ్లీ పెళ్లి చేసుకున్నావంటే పైసా రాదు" అని కూడా అంది, ఎవరూ ఆ ఊసే ఎత్తకుండానే.

"కోర్టుకెక్కితే అత్తమ్మ నాతో మాట్లాడదు. ఎక్కకపోతే పాపకేమీ మిగలదు. నేనేం చెయ్యాలి?" ఇదీ ప్రశ్న. కింద ఇంకోటి కూడా అడిగారు: తన సొంత బ్యాంకు ఖాతాకి నామినీగా తన అన్నయ్య పేరు పెట్టమని పుట్టింటివాళ్లు అంటున్నారట, పెట్టొచ్చా అని.

చెల్లెమ్మా, అన్నిటికంటే ముందు ఆ స్టాంపు కాగితం సంగతి. సంతకం పెట్టకండి. గొడవ పడాల్సిన పని లేదు, "చదువుకున్న వాళ్లకి ఒకసారి చూపించి చెబుతాను బాబూ" అంటే చాలు, కాగితం జిరాక్సు ఒకటి దగ్గర పెట్టుకోండి. మీ వాటా మీరు వదులుకోవాలనుకుంటే అది మీ ఇష్టం. పాప వాటా అలా కాదు. తండ్రి పోయాక పాపకి సహజ సంరక్షకురాలు మీరే, నిజమే, కానీ సంరక్షకురాలు చేసే పని పాపకి మేలు కోసం ఉండాలి, ఊరికే వాటా వదిలేయడం ఆ లెక్కలోకి రాదు. రేపు పాప పెద్దదయ్యాక ఆ కాగితాన్ని ప్రశ్నించొచ్చు. ఈ సంగతి మీ మరిదికి తెలిసి ఉండకపోవచ్చు, కానీ ఆ కాగితంతో ఆయనకీ పూచీ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మీ మరిది, మీ ఊరి పెద్దలు, చాలామంది చదువుకున్నవాళ్లు కూడా నామినీనీ లీగల్ హెయిర్‌నీ, అంటే చట్టప్రకారం వారసుణ్నీ, ఒకటే అనుకుంటారు. చాన్నాళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, అక్కౌంటు తెరిచేవాళ్లలో నామినీ గడి దగ్గర ఆగి ఆలోచించేవాళ్లు చాలా తక్కువ. పక్కన ఎవరు నిలబడితే వాళ్ల పేరు రాసేస్తారు, పెళ్లికాని కుర్రాడైతే తమ్ముడి పేరో అమ్మ పేరో. దాని వెనక "ఈ డబ్బు వీడికే చెందాలి" అన్న ఉద్దేశం వెతకడం దండగ.

పెళ్లిలో చదివింపులు రాసే కుర్రాడిని చూశారు కదా. డబ్బంతా అతని చేతికే వస్తుంది, అతనే లెక్క రాస్తాడు, అతనికిస్తే ఇచ్చినవాళ్ల బాధ్యత తీరిపోయింది. అంతమాత్రాన డబ్బు అతనిది కాదు. నామినీ అంతే. ఖాతాదారు పోతే డబ్బు ఎవరి చేతిలో పెట్టాలో తెలియక బ్యాంకు ఇరుక్కోకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటు అది. ఆ డబ్బు చివరికి ఎవరిది అనేది వీలునామా ఉంటే వీలునామా తేలుస్తుంది, లేకపోతే వారసత్వ చట్టం తేలుస్తుంది.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో 45జెడ్ఏ అనే సెక్షన్ ఉంది, నామినీకి చెల్లిస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుందని అందులో ఉంటుంది, డబ్బు తీసుకున్నవాడి మీద మిగతావాళ్లకి ఉన్న హక్కు ఎక్కడికీ పోదని కూడా అదే సెక్షన్‌లో ఉంటుంది. రెండో ముక్క ఎవరూ చదవరు. 2010లో రామ్‌చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు బ్యాంకు డిపాజిట్ల విషయంలో ఇదే తేల్చింది, 2023 డిసెంబరులో కంపెనీ షేర్ల విషయంలోనూ అదే అంది. అన్నిటికంటే పాతది, 1984 నుంచి అందరూ చెప్పుకునేది, సర్బతీ దేవి కేసు. అది మీరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే అందులో పాత్రలు తిరగబడి ఉన్నాయి. అక్కడ చనిపోయినాయన బీమా పాలసీలకి నామినీ భార్య, అంతా నాదే అన్నది ఆవిడ, కాదన్నది తల్లి. భార్యకీ కొడుక్కీ తల్లికీ తలా మూడో వంతు అని కోర్టు చెప్పింది. అంటే ఈ సూత్రం కోడళ్ల పక్షమూ కాదు, అత్తల పక్షమూ కాదు.

మరి వారసులెవరు? మీరు హిందువులు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది (వేరే మతాలవాళ్లకి లెక్క వేరు, చదువుతున్న మిగతావాళ్లు గమనించాలి). మగవాడు వీలునామా రాయకుండా పోతే ముందు మొదటి తరగతి వారసులకి వెళ్తుంది. మీ ఇంట్లో వాళ్లు ముగ్గురు: మీరు, పాప, మీ అత్తగారు. తలా ఒక సమాన వాటా. తమ్ముడు రెండో తరగతి, మొదటి తరగతిలో ఒక్కరున్నా ఆయన దాకా రాదు. చాలామందికి తెలియని ముచ్చట ఇంకోటి, తల్లి మొదటి తరగతి అయినా తండ్రి మాత్రం రెండో తరగతే. మీ మామగారు బతికి ఉన్నా లెక్క మారేది కాదు.

ఇక ఒక్కో డబ్బు సంగతి చూద్దాం, అన్నీ ఒకే దారిలో పోవు.

ఫిక్స్‌డ్ డిపాజిట్. బ్యాంకు మీ మరిదికి చెల్లిస్తే అది బ్యాంకు తప్పు కాదు, మేనేజరు మీద కోపం పెట్టుకోవద్దు. ముందు ఆ డబ్బు ఇంకా ఉందా, ఆయన క్లెయిం పెట్టేశాడా కనుక్కోండి. డబ్బు వారసులదనీ మీకు అభ్యంతరం ఉందనీ బ్రాంచిలో ఒక ఉత్తరం ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇది రికార్డు కోసమే, ఉత్తరం ఇచ్చేశాం కదా ఆగిపోతుంది అని ధీమాగా ఉండొద్దు, నిజంగా ఆపేది కోర్టు ఉత్తర్వు ఒక్కటే. లెక్కకొస్తే 6 లక్షల్లో తలా 2 లక్షలు. మీ మరిది పెట్టిన 90 వేలు తీసి ఇవ్వమంటే అది అన్యాయం కాదు, నా మాట వింటే మీరే ముందు ఆ మాట అనండి. అప్పుడు 5 లక్షల 10 వేలు, తలా లక్షా 70 వేలు. అత్తగారు తన వాటా చిన్నకొడుక్కి ఇచ్చుకుంటానంటే అది ఆవిడ సొమ్ము, మనకి మాట లేదు.

పీఎఫ్. ఇక్కడ మీ మరిది వాదన అసలు నిలబడదు. పీఎఫ్ స్కీములో రూలే ఉంది, పెళ్లికాకముందు బయటివాళ్ల పేరు రాసినా, తర్వాత కుటుంబం ఏర్పడిన క్షణం ఆ నామినేషన్ చెల్లదు, ఎవరూ రద్దు చేయక్కర్లేదు, దానంతటదే పోతుంది. కుటుంబం అంటే భార్య, పిల్లలు, ఆధారపడ్డ తల్లిదండ్రులు, తమ్ముడు ఆ లెక్కలో లేడు. చెల్లే నామినేషన్ లేనప్పుడు కుటుంబ సభ్యులకి సమానంగా వస్తుంది. ఫ్యాక్టరీ ఆఫీసులో "నామినీ వచ్చి సంతకం పెట్టాలి" అన్నారని రాశారు, అక్కడి గుమాస్తాకి ఈ రూలు గుర్తులేదంతే. మ్యారేజ్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని నేరుగా పీఎఫ్ ఆఫీసుకే వెళ్లండి. పీఎఫ్ సొమ్ముకి ఫారం 20, పెన్షన్‌కి 10డి, బీమాకి 5ఐఎఫ్, మూడూ ఒకేసారి పెట్టండి. కదలకపోతే ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఇంటర్నెట్ సెంటర్లో చేసిపెడతారు.

ఆ పెన్షన్, బీమా గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, అదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఉద్యోగంలో ఉండగా పోయాడు కాబట్టి మీకు నెలనెలా వితంతు పెన్షన్, పాపకి 25 ఏళ్లు వచ్చేదాకా పిల్లల పెన్షన్ వస్తాయి. ఆ వితంతు పెన్షన్ భార్య హక్కు, 2013 ఫారంలో ఎవరి పేరున్నా దానికి సంబంధం లేదు. పెద్ద మొత్తం కాకపోవచ్చు, కానీ మళ్లీ పెళ్లి చేసుకోకపోతే జీవితాంతం. ఇక ఈడీఎల్ఐ అని పీఎఫ్‌తో పాటే ఉండే బీమా ఒకటి ఉంది, జీతాన్నిబట్టి 7 లక్షల దాకా వస్తుంది. దానికి ప్రీమియం యజమానే కడతాడు కాబట్టి జీతం కాగితంలో కనపడదు, అందుకే చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. మీరందరూ ఫిక్స్‌డ్ డిపాజిట్ చుట్టూ తగువులాడుకుంటున్నారు గానీ అంతకంటే పెద్ద మొత్తం ఇక్కడే ఉండొచ్చు.

బీమా పాలసీ. ఇది మీకు నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. 2015లో బీమా చట్టం మార్చారు. తల్లిదండ్రుల్నో భార్యనో భర్తనో పిల్లల్నో నామినీగా పెడితే ఆ నామినీకే డబ్బు చెందుతుంది అన్నట్టుగా 39వ సెక్షన్‌లో కొత్త మాట చేర్చారు. మీ అత్తగారు ఆ కోవలోకి వస్తారు. అయినా మిగతా వారసుల హక్కు పోదు అని వాదించేవాళ్లున్నారు, హైకోర్టుల తీర్పులన్నీ ఒకే దారిలో లేవు. కాబట్టి ఈ 5 లక్షల కోసం అత్తగారి మీద కేసు వేస్తే గెలుస్తారని నేను చెప్పలేను, వేయమని అసలే చెప్పను. ఆవిడ మీ ఇంట్లోనే ఉంటున్నారు, కొడుకు పోయిన తల్లి. ఆ డబ్బు ఆవిడ ఖాతాలోనే పడనివ్వండి, అది ఇంకెవరి ఖాతాలోకో వెళ్లకుండా మాత్రం చూసుకోండి. అందులో కొంత మనవరాలి పేరున వేయమని అడగడం కోడలిగా మీకు తప్పేమీ కాదు. పాపకి పదేళ్లు నిండలేదు కాబట్టి పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవొచ్చు, ఏడాదికి లక్షన్నర దాకా వేయొచ్చు. అందరి ముందూ కాకుండా, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి.

సర్టిఫికెట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబంలో ఎవరెవరున్నారో మాత్రమే చెబుతుంది, ఎవరికెంతో చెప్పదు. అది తెచ్చుకోండి, ప్రతిచోటా అడుగుతారు, కానీ "అంతా నీకే" అన్నది ఉత్తమాట. సక్సెషన్ సర్టిఫికెట్ అంటే పోయినవాళ్లకి రావాల్సిన డబ్బు ఎవరు తీసుకోవచ్చో చెబుతూ కోర్టు ఇచ్చేది, దానికి పేపర్లో ప్రకటన, మిగతావాళ్లకి నోటీసులు ఉంటాయి, నెలలు పడుతుంది, కోర్టు ఫీజూ ఉంటుంది. పక్కింటావిడ మాట కూడా ఉత్తదే. భర్త పోయిన రోజునే మీ వాటా మీదైపోయింది, రేపు మీరు పెళ్లి చేసుకున్నా దాన్ని ఎవరూ వెనక్కి లాక్కోలేరు. పెళ్లి చేసుకుంటే ఆగేది పీఎఫ్ ఆఫీసు ఇచ్చే వితంతు పెన్షన్ ఒక్కటే.

ఇప్పుడు మీరేం చేయొచ్చు. ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకోవడం ఒక దారి. మీ మరిది దొంగ అని నేననుకోవడం లేదు, కర్మలకి తన జేబులోంచి పెట్టినవాడు, ఊరంతా అదే మాట అంటుంటే నిజమనే నమ్ముతాడు. పైన చెప్పిన లెక్క కాగితం మీద రాసి, ఆయన 90 వేలు అందులోనే మొదట రాసి, మీ ఇంటి మాట వినే పెద్ద ఎవరైనా ఉంటే ఆయన్ని కూర్చోబెట్టి చూపించండి. దీంతో తేలితే బంధుత్వం నిలుస్తుంది, ఖర్చు లేదు. ఇబ్బంది ఏమిటంటే, నోటిమాట ఒప్పందానికి విలువ తక్కువ, "ఏటా ఇస్తాను" అన్నది రెండేళ్లు జరిగి ఆయనకి పెళ్లయ్యాకనో ఇల్లు కట్టుకునేటప్పుడో ఆగిపోవచ్చు. ఈలోగా డిపాజిట్ డ్రా అయిపోయే ప్రమాదమూ ఉంది.

నాకైతే లోక్ అదాలత్ మీకు సరిపోతుందనిపిస్తోంది. శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది (విజయనగరం వాళ్లకి అక్కడా ఉంది), ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే రెండు పక్షాల్నీ పిలిచి మాట్లాడిస్తారు. అక్కడ రాజీ కుదిరి రాసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం, మళ్లీ అప్పీలు ఉండదు. అత్తగారికి కూడా "కోడలు కోర్టుకీడ్చింది" అనిపించదు, "జడ్జిగారి ముందు పంచుకున్నాం" అని చెప్పుకోవచ్చు, మన ఊళ్లలో ఆ తేడా చిన్నది కాదు. ఒక్కటే, మీ మరిది రానంటే బలవంతంగా కూర్చోబెట్టలేరు.

ఆయన రాకపోయినా, డబ్బు తీసేసే తొందరలో ఉన్నాడని తెలిసినా మిగిలేది కోర్టే. చెల్లింపు ఆపమని మధ్యంతర ఉత్తర్వు అడగడం, మీకూ పాపకీ వాటా తేల్చమని పిటిషన్. అందులో అత్తగారిని కూడా పార్టీగా చేర్చాల్సి వస్తుంది, ఆవిడా వారసురాలే కాబట్టి. నోటీసు పోస్టులో వచ్చి ఆవిడ చేతిలో పడేముందే మీరు చెప్పండి, మీ వాటా కూడా ఇందులో ఉంది అత్తమ్మా, మీమీద కాదు అని. డిపాజిట్ ఇప్పటికే ఆయన తీసేసుకుని ఉంటే ఆపడానికేమీ ఉండదు, వసూలు దావా వేయాలి, అది ఇంకా నిదానం, ఖర్చయిపోయిన డబ్బుని వెనక్కి రప్పించడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. అందుకే బ్యాంకుకి మాత్రం వారం పది రోజులు చూద్దాంలే అనుకోకుండా వెంటనే వెళ్లండి.

ఏమీ చేయకుండా ఊరుకోవడమూ ఒక దారే, చాలామంది అదే ఎంచుకుంటారు, వాళ్లని నేను తప్పుపట్టను. మీ రెండు లక్షలు వదిలేసుకుని ఇంట్లో ప్రశాంతంగా ఉంటానంటే ఉండండి. పాప రెండు లక్షలు, పీఎఫ్, ఆ పెన్షన్ మాత్రం వదలొద్దు. పీఎఫ్ కాగితాలకి మీ మరిదితో ఒక్క మాట కూడా పడక్కర్లేదు కాబట్టి ఎటూ తేల్చుకోలేకపోతే అక్కడినుంచి మొదలుపెట్టండి.

చివరిగా మీ సొంత ఖాతా. అన్నయ్యని పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, చట్టం అడ్డు చెప్పదు, కానీ మీ మరిది ఇప్పుడెక్కడ నిలబడ్డాడో రేపు మీ అన్నయ్య అక్కడ నిలబడతాడు. పాప పేరే పెట్టండి. మైనరు కాబట్టి పాప తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు ఫారంలో అడుగుతారు, అక్కడ అన్నయ్య పేరు రాయండి, ఆయనకీ గౌరవంగా ఉంటుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలని పెట్టుకునే వీలు వచ్చింది, డిపాజిట్లకైతే ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. దాంతోపాటు ఒక తెల్లకాగితం మీద వీలునామా రాసి ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించండి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. సాక్షులుగా మాత్రం ఆ వీలునామాలో ఏమీ రానివాళ్లని పిలవండి.